పన్నెండు వందలని రాసిన చీటీ

ఆవిడని ఆ వీధిలో అందరూ చీటీలమ్మ అంటారు. చీటీలు కట్టించుకుని చెప్పాపెట్టకుండా ఊరు దాటేసే రకం కాబోలు అనుకునేరు, ఆ పాపం ఆవిడకి అంటగట్టకండి. ఆవిడ చేసేది కంప్యూటర్ల మరమ్మతు. బాగుచేసిన ప్రతి మిషనుకీ పక్క రేకు లోపలివైపు అరచేతిలో సగం ఉండే కాగితం ముక్క ఒకటి అంటించి గాని బయటికి పంపదు. తేదీ, మార్చిన భాగం, మార్చాక మిషను తన వేగం ఎంతని చూపించిందో ఆ అంకె, అడుగున సంతకానికి బదులు ఒక నీలం చుక్క. ఆ చీటీ చదివేవాళ్ళు లోకంలో ఎవరూ లేరు. ఆ మిషను మళ్ళీ పాడై, మళ్ళీ ఆవిడ బల్ల మీదికే వస్తే ఆవిడే చదువుకోవాలి. అయినా ఇరవై రెండేళ్ళుగా రాస్తూనే ఉంది.

ఈ అలవాటు నేర్పింది ఆవిడ గురువుగారు, రేడియోలు బాగుచేసే పెద్దాయన. "పెట్టె మీద ఏమని అచ్చేశారో అది నీకెందుకమ్మా? నీ కంటికి ఏం కనపడిందో అది రాయి. రేపు ఎవరైనా నిన్ను నిలదీస్తే పెట్టె వచ్చి సాక్ష్యం చెప్పదు" అనేవాడు. ఆవిడ ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించింది. కొత్త ర్యామ్ పలక పెట్టె మీద వేగం మూడు వేల రెండు వందలని అచ్చేసి ఉన్నా, తెర మీద పదహారు వందలని కనిపిస్తే పదహారు వందలనే రాసేది. ఆవిడ వాడే పరీక్ష ప్రోగ్రాము ఎప్పుడూ సగమే చూపిస్తుంది. దానికో కారణం ఉంది, ఆ కారణం ఆవిడకి తెలుసు. అడిగినవాళ్ళు లేరు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

దుకాణం అంటే వేరే ఎక్కడో కాదు, ఇంటి ముందుగదే. వీధి వైపు పొడుగాటి కిటికీ, దానికి ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చోగలిగేంత వెడల్పు గట్టు, ఎదురుగా పనిబల్ల, బల్ల మీద పెద్దావిడ కళ్ళజోడులా ఎప్పుడూ వెతుక్కోవాల్సిన ఒక చిన్న స్క్రూడ్రైవరు. ఆ ఇంట్లో ఆవిడ అన్నయ్య, వదిన, వాళ్ళ కూతురు ఉంటారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "పరాకున ఉన్నాను, గమనించలేదు" అంటుంది. అది హాస్యమో నిజమో అన్నయ్యకి కూడా ఇప్పటికీ తెలియదు.

పరాకు మాత్రం నిజం. ర్యామ్‌ని పరీక్షకి పెడితే గంటలు పడుతుంది, తెర మీద ఒక పచ్చగీత చీమలా ముందుకి జరుగుతుంటుంది. ఆ గంటల్లో చీటీలమ్మ ఎక్కడికో వెళ్ళిపోయేది. మధ్యాహ్నపు ఎండ గట్టు మీంచి దిగి బల్లకాలు పట్టుకుని నెమ్మదిగా ఎక్కుతుంటే, ఆవిడకి ఆ పలకలోపల ఒక ఊరు కనిపించేది. సన్నటి వీధులు, లెక్కలేనన్ని ఇళ్ళు, ఇంటికో దీపం. ఆ దీపాల్లో నూనె మరీ కొంచెం, క్షణంలో వెయ్యో వంతుల లెక్కన ఆరిపోతుంటాయి. ఆరేలోగా ఎవరో వీధివీధీ తిరిగి మళ్ళీ నూనె పోస్తుంటారు, సెకనుకి పదిహేనుసార్లు ఊరంతా చుట్టబెట్టాలి. మీట నొక్కి మిషను ఆపేస్తే ఆ మనిషి ఆగిపోతాడు, ఊరు చీకటైపోతుంది, మర్నాటికి ఆ ఇళ్ళలో ఎవరున్నారో ఎవరికీ గుర్తుండదు. ఇది ఆవిడ కల్పించిన కథేమీ కాదు, ర్యామ్ నిజంగానే అలా పనిచేస్తుంది. కాకపోతే పుస్తకంలో చదివినవాళ్ళు దాన్ని అక్కడే వదిలేస్తారు, ఈవిడ అందులో కాపురం ఉంటుంది.

ఇంత పరాకు మనిషికి వదిన మీద ఉన్న ఫిర్యాదు ఏమిటో తెలుసా? వదిన పరాకుగా ఉంటుందని.

వదిన పటాల కార్యాలయంలో పనిచేస్తుంది. ఊళ్ళూ నదులూ గీసిన పాత పటాలు మంచం దుప్పటంత పెద్దవి, స్కానరులో పట్టవు. ముక్కలు ముక్కలుగా తీసి, ఆ ముక్కలన్నిటినీ కంప్యూటర్లో అతికించి మళ్ళీ ఒక్క పటం చెయ్యాలి. అతుకు వెయ్యమని మీట నొక్కాక మనిషి చేసేదేమీ లేదు, ముప్పావుగంట పైన మిషనే అతుక్కుంటుంది. సాయంత్రం నాలుగున్నరకి అందరూ చివరి అతుకు మొదలుపెడతారు. అది పూర్తయి, భద్రపరిచి, అసలు పటాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే తప్ప కదలకూడదని అక్కడ నియమం. బస్సు ఐదున్నరకి. ముందు హాల్లో వాళ్ళు ఐదూ ఇరవైకల్లా లేచి తాపీగా బస్సెక్కుతారు. వదిన మాత్రం లోపలి గదిలో ఉంటుంది, ఆవిడ తాళం వేసి రోడ్డు మీదికొచ్చేసరికి బస్సు మలుపు తిరుగుతూ కనిపిస్తుంది. ఆ తర్వాతది ఆరుంపావుకి. ఇంటికి చేరేసరికి ఏడు కావచ్చేది. ఆరింటికి రావలసిన మనిషి, రోజూ, నాలుగేళ్ళుగా.

మేనకోడలికి ఇది మొదలైనప్పుడు ఐదేళ్ళు. బడి నుంచి వచ్చి ఆ కిటికీ గట్టు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. ఆరు కాగానే ముక్కు ఊచలకి ఆనించేది. "అత్తా, అమ్మ ఇంకా రాలేదేం?" అని నిమిషానికోసారి అడిగేది. చీటీలమ్మ బల్ల మీంచి తలెత్తకుండానే, "మీ అమ్మకి బస్టాపులో కూడా కలలేనే. బస్సొచ్చి నెత్తిన మొట్టి ఎక్కించుకోవాలి" అనేది. పిల్ల నవ్వేది. కొన్నాళ్ళకి నవ్వడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి గట్టు మీద కూర్చోవడమూ మానేసి, వెనక గదిలో లెక్కలు చేసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు.

వదిన ఎదురు చెప్పేది కాదు. "ఏం చెయ్యనమ్మా, నా చెయ్యి నెమ్మది" అనేది, చెప్పులు విడుస్తూ. చీటీలమ్మ ఆ మాట వినీ విననట్టు ఊరుకునేది.

ఆ కార్యాలయంలో మిషన్లు ఇరవై. అన్నిటికీ నాలుగేళ్ళ క్రితం కొత్త ర్యామ్ వేసింది చీటీలమ్మే. అప్పటినుంచీ వాటిలో ఏది పాడైనా చూసుకునే ఏడాది ఒప్పందం కూడా ఆవిడదే. వీధిలో పిల్లల లాప్‌టాపులూ, కొట్ల బిల్లు మిషన్లూ వస్తుంటాయి గాని ఆవిడకి పెద్ద ఖాతా అదొక్కటే. అంతకన్నా పెద్దది మంచిపేరు. పటాల కార్యాలయం వాళ్ళే నమ్మారంటే మనం నమ్మకపోవడమేమిటని మిగతావాళ్ళు వస్తారు.

అలాంటి చోటి నుంచి ఒక మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఏమ్మా, ఒకసారి వచ్చి వెళ్ళు. కొత్తగా వచ్చిన అధికారి నీ కోసం అడుగుతున్నారు."

"ఏ మిషను పడుకుంది వదినా?"

"ఏదీ పడుకోలేదు. నువ్వు సగం వేగం సరుకు వేశావంటున్నారు. అందరి ముందూ అన్నారు."

చీటీలమ్మకి తల కొట్టేసినట్టయింది. దుకాణం తలుపు దగ్గరగా వేసి, చెప్పులు ఎడమది కుడికాలికీ కుడిది ఎడమకాలికీ తొడుక్కుని, సందు చివర గాని ఆ సంగతి చూసుకోలేదు.

అధికారి చిన్నవాడు, ముప్పయ్యేళ్ళుంటాయేమో. పొగరుబోతు కాడు. అయితే బాగుండేది, ఎదురు తిరగొచ్చు. మర్యాదగా కుర్చీ చూపించి, బల్ల మీద రెండు వస్తువులు పక్కపక్కన పెట్టాడు. ఒకటి స్టోరులోంచి తెప్పించిన ర్యామ్ ఖాళీ పెట్టె, దాని మీద మూడు వేల రెండు వందలు. రెండోది ముందు హాల్లో గుమ్మం పక్క మిషను పక్క రేకు. దాని లోపల చీటీ, చీటీ మీద పదహారు వందలు, కింద నీలం చుక్క.

"ఇది మీ రాతే కదండీ?"

"నాదే బాబూ."

"ఈ రేకు ఊడి వస్తుంటే బిగించబోయి చూశాను. నా ప్రోగ్రాముతో కూడా పరీక్షించాను. పదహారు వందలే వచ్చింది. పెట్టెలో వచ్చిన పలక తీసేసి, సగం వేగం పలక వేసి, పైగా మీ చేత్తో మీరే రాసిపెట్టుకున్నారు. నాకు అర్థం కానిది అదే. దాచుకోవాలని కూడా అనిపించలేదా?"

గది గుమ్మం దగ్గర ముందు హాలు వాళ్ళు నలుగురు ఏదో ఫైలు వెతుకుతున్నట్టు నటిస్తున్నారు. వాళ్ళ వెనక వదిన చీర అంచు కనిపించింది.

"మీ ఏడాది ఒప్పందం కాగితం రేపు పదింటికి పై ఆఫీసుకి వెళ్ళాలి," అన్నాడు అధికారి. "అందులో ఈ సంగతి రాస్తే ఇక్కడే కాదు, ఏ ఆఫీసులోనూ మిమ్మల్ని గడప తొక్కనివ్వరు. అందుకే ముందు మిమ్మల్ని అడుగుతున్నాను."

చీటీలమ్మ నీళ్ళు నమలలేదు. కిటికీ వైపు చూసింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన కూడా ఆవిడ మనసు పరాకున ఎక్కడికో జారింది, మంచి చోటికే జారింది. కిటికీ కింద చిన్న పార్కు, అందులో ఒక ఇనుప ఊయల. పదేళ్ళ పిల్ల ఒకతి ఒంటరిగా ఊగుతోంది. ముందుకొచ్చినప్పుడు కాలి బొటనవేలితో పొద చివర్ని తాకుతోంది, వెనక్కి పోయినప్పుడు మడమతో ప్రహరీగోడని తాకుతోంది. ఎండలో ఆ పిల్ల నీడ గడ్డి మీద చాపలా పరుచుకుంటూ, చుట్టుకుంటూ ఉంది.

"బాబూ, ఇలా రండి. ఆ ఊయల ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. ముందుకెళ్ళి వెనక్కొస్తే ఒకటి."

ఆయనకి ఏమీ తోచక లెక్కపెట్టాడు. పది వరకు వచ్చి ఆగాడు.

"పది ఊగులు. మరి ఆ పిల్ల కాలు ఎన్నిసార్లు తగిలింది?"

ఆయన పెదాలు కదిలాయి. "పొదకి పది, గోడకి పది. ఇరవై."

"అంతే బాబూ. పాతకాలం ర్యామ్ ముందుకొచ్చినప్పుడే సరుకు అందించేది, వెనక్కి ఊరికే పోయేది. ఇప్పటివి రెండు కొసల్లోనూ అందిస్తాయి. నా ప్రోగ్రాము, మీ ప్రోగ్రాము ఊగులు లెక్కపెడతాయి. పదహారు వందలు. పెట్టె చేసినవాళ్ళు తాకిళ్ళు లెక్కపెడతారు. మూడు వేల రెండు వందలు. ఊయల ఒకటే, పిల్ల ఒకతే. ఎవరూ అబద్ధం ఆడలేదు."

అని ఊరుకోలేదు. గుమ్మం పక్క మిషను దగ్గరికి తీసుకెళ్ళి, దాని తెర మీదే ఇంకో చిన్న కిటికీ తెరిచి చూపించింది. ఆ కిటికీ తాకిళ్ళు లెక్కపెట్టే రకం. మూడు వేల రెండు వందలని నింపాదిగా చూపించింది. పక్కనే ఆయన ప్రోగ్రాము పదహారు వందలంటోంది. ఒకే మిషను, ఒకే క్షణం, రెండు అంకెలు. అధికారి కాసేపు వాటిని మార్చి మార్చి చూసి, పకపకా నవ్వేశాడు. ఆ నవ్వులో సిగ్గు కూడా ఉంది.

"నన్ను క్షమించాలి. అందరి ముందూ అనేశాను," అని మళ్ళీ అందరి ముందే అన్నాడు. "ఒక్క సాయం చెయ్యండి. నాలాగే రేపు ఇంకొకడు పొరబడతాడు. ఇరవై మిషన్ల చీటీలూ చూసి ఒక పట్టిక రాసివ్వండి. మీ చీటీ అంకె, దానికి రెట్టింపు, పెట్టె మీది అంకె. మూడు నిలువు వరసలు. ఒప్పందంతోపాటు జత చేస్తాను. ఇక మీరు నిశ్చింతగా ఉండండి."

నిశ్చింత అంటే అదీ నిశ్చింత. చీటీలమ్మ చెయ్యి గాల్లో తేలినట్టు రేకులు విప్పింది, బిగించింది. పదహారు వందలు, మూడు వేల రెండు వందలు, మూడు వేల రెండు వందలు. ముందు హాల్లో పద్నాలుగు మిషన్లకీ అదే వరస. గుమ్మం దగ్గర నిలబడి విన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఊయల కథ మళ్ళీ చెప్పించుకున్నారు. ఒకావిడ టీ తెప్పించింది. బయట ఎండ పసుపు రంగుకి తిరిగింది. ఆ పసుపులో కార్యాలయం మొత్తం నీళ్ళ అడుగున ఉన్నట్టు మెత్తగా అయింది.

ఐదు కావస్తుండగా లోపలి గదికి వెళ్ళింది. అక్కడ ఆరు మిషన్లు. మొదటి రేకు విప్పి చీటీ చూసింది. పన్నెండు వందలు. మొదటి వరసలో పన్నెండు వందలని వేసింది. రెండో వరసలో దానికి రెట్టింపు వెయ్యాలి. రెండు వేల నాలుగు వందలని వేసింది. మూడో వరసలో పెట్టె మీది అంకె, మూడు వేల రెండు వందలు. అక్కడ కలం ఆగిపోయింది.

రెండో రేకు విప్పింది. పన్నెండు వందలు. మూడోది. పన్నెండు వందలు. ఆరో మిషను వదినది. అతుకు మధ్యలో ఆగిపోతుందేమోనన్న భయంతో వదిన మాత్రం దాన్ని కదపనివ్వలేదు. కదపక్కర్లేదు, ఏం రాసి ఉందో చీటీలమ్మకి తెలుసు.

కొత్త ర్యామ్ పలక మొదట భయంభయంగా తక్కువ వేగంతో నడుస్తుంది. పెట్టె మీది వేగం కావాలంటే, మిషను లేవగానే వచ్చే నీలం తెరలోకి వెళ్ళి వేగం రాసి ఉన్న ఒక్క గీత మార్చాలి. ఒక్కటంటే ఒక్కటే. నాలుగేళ్ళ క్రితం పద్నాలుగింటికి మార్చింది. ఈ ఆరింటికి మార్చలేదు. ఆ రోజు కూడా ఆవిడకి కళ్ళకి కట్టినట్టు గుర్తుకొచ్చింది. వాన పడుతోంది. బల్ల మీద ఒక నది పటం పరిచి ఉంది, నీలిరంగు వెలిసి పొగలా అయింది. చేతిలో పలకలు పట్టుకునే ఆ నది పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా వేలితో నడిచి వెళ్ళింది. దారిలో ఎన్ని ఊళ్ళు దాటిందో. తిరిగొచ్చి పలకలు బిగించింది, తెర చూసింది, కనపడింది కనపడినట్టు పన్నెండు వందలని రాసింది. సగమే కదా చూపిస్తుంది అనుకుంది. దేనికి సగం అని రెట్టించి చూడలేదు. సగం సంగతి తెలిసినందువల్లే మిగతా సగం గమనించలేదు.

గురువుగారు చెప్పినట్టు కంటికి కనపడిందే రాసింది. నాలుగేళ్ళుగా ఆ నిజం ఆరు రేకుల వెనక కూర్చుని ఉంది.

"ఏమ్మా, అలా అయిపోయావేం? అంతా సర్దుకుందిగా," అంది వదిన.

"ఇంకా ఎంతసేపు వదినా అది?"

"ఎనిమిది నిమిషాలు చూపిస్తోంది. ముందు హాల్లో వాళ్ళది అయిపోయింది చూడు, సంచులు సర్దుకుంటున్నారు." వదిన నవ్వింది. "మా గదికి నదుల పటాలు వస్తాయిగా. నీళ్ళు బరువు కదా, అతుకు ఆలస్యం అవుతుందని మేం అనుకుంటూ ఉంటాం."

లోపలి గదిలో మిగతా ఐదుగురికీ సొంత బళ్ళున్నాయి, పది నిమిషాలు ఇటైనా అటైనా వాళ్ళకి పట్టదు. వదిన ఒక్కతే బస్సు మనిషి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తెర మీద నది ముక్కలు ఒక్కొక్కటే దగ్గరకి జరగడం చూశారు. ఒక ఊరు సగం ఇటు, సగం అటు ఉండి, నెమ్మదిగా కలిసింది. వదిన తాళంచెవి చేతిలో పట్టుకుని, లేవడానికి సిద్ధంగా కుర్చీ అంచున కూర్చుని ఉంది. నాలుగేళ్ళుగా ఇలాగే కూర్చుంటోందని చీటీలమ్మకి తట్టింది. అతుకు పూర్తయి, వదిన బీరువా తాళం వేస్తుండగా, కిటికీలోంచి ఐదున్నర బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"నువ్వు కాసేపు కూర్చో వదినా. చిన్న పనుంది," అంది చీటీలమ్మ.

గది ఖాళీ అయ్యాక ఒక్కో మిషనునీ లేపి, నీలం తెరలోకి వెళ్ళి, ఆ ఒక్క గీతా మార్చింది. మిషనుకి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. అన్నిటిలోనూ పదహారు వందలు వచ్చింది. పాత చీటీలు ఆరూ ఊడదీసి కొత్తవి అంటించింది. పాతవి అరచేతిలో అంటుకుని, ఎండిన ఆకుల్లా ముడుచుకుపోయాయి. పక్కనే చెత్తబుట్ట ఉంది.

ఇక్కడ ఆవిడ మనసు కొట్టుకున్న కొట్టుకోడం నేను దాచను. అధికారి నమ్మేశాడు. ఊయల కథ అందరికీ నచ్చింది. పట్టికలో ఇరవై మిషన్లకీ ఒకేలా రాసిచ్చేస్తే చాలు, అది అబద్ధం కూడా కాదు, ఇప్పుడు మిషన్లు అలాగే నడుస్తున్నాయి. ఇరవై రెండేళ్ళ పేరు నిలబడుతుంది. వదినకి రేపటినుంచి ఐదున్నర బస్సు దొరుకుతుంది, ఎందుకు దొరికిందో ఆవిడకి ఎప్పటికీ తెలియదు. తెలియకపోతే అడగదు. అడగకపోతే బాధా ఉండదు. ఇంత తీపిగా ఒక తప్పు సర్దుకుపోవడం ఎవరికి చేదు? చీటీలమ్మ చీటీల్ని చెత్తబుట్టలో వెయ్యకుండా చేతిసంచిలో వేసుకుంది. ఏమని తేల్చుకుందో అప్పటికి ఆవిడకే తెలియదు.

ఆరుంపావు బస్సులో వెనక సీటు దొరికింది. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి, కొన్ని వెలిగి, కొన్ని వెలగక. వదిన ఎప్పటిలా కిటికీకి తల ఆనించింది.

"వదినా, నీ చెయ్యి నెమ్మది కాదు."

"ఏంటీ?"

చీటీలమ్మ చెప్పింది. ఊయల వరకు అందరూ విన్నదే, ఆ తర్వాతది చెప్పింది. వాన, నది పటం, మార్చని గీత. ముందు హాల్లో యాభై నిమిషాలు పట్టే అతుకు లోపలి గదిలో యాభై ఎనిమిది పట్టేదని, ఆ ఎనిమిది నిమిషాలు తన చేతి చలవేనని చెప్పింది. సంచిలోంచి ఆరు చీటీలూ తీసి వదిన ఒళ్ళో పెట్టింది.

వదిన వాటిని ఒక్కొక్కటే సాగదీసి చదివింది. బస్సు రెండు స్టాపులు దాటింది.

"ఎనిమిది నిమిషాలేనా?" అంది చివరికి.

"ఎనిమిదే."

"నేను నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. ముక్కలు నేను వరసగా పెట్టడం లేదేమో, మీట ఆలస్యంగా నొక్కుతున్నానేమో అని. ఇంట్లో కూడా అదే అనేవారు కదా." ఇంట్లో ఎవరు అనేవారో ఆవిడ చెప్పలేదు.

"నేనే అనేదాన్ని," అంది చీటీలమ్మ. "పిల్లకి కూడా అదే నూరిపోశాను. నన్ను తిట్టు వదినా."

"తిడతాను. ఇవాళ ఓపిక లేదు," అంది వదిన. కళ్ళు తుడుచుకుని, చీటీలు మడిచి తిరిగిచ్చేసింది. "రేపు ఆయనకి ఇస్తావా ఇవి?"

ఆ ప్రశ్నతో చీటీలమ్మకి తేలిపోయింది.

మర్నాడు పదికి ముందే అధికారి బల్ల మీద పట్టిక పెట్టింది. ఇరవై మిషన్లు, అందులో ఆరింటికి అంకెలు కలవవు. వాటి పక్కన పాత చీటీలు పిన్ను చేసి ఉన్నాయి. కింద రెండు వాక్యాలు: ఈ ఆరు మిషన్లు నాలుగేళ్ళు తక్కువ వేగంతో నడిచాయి. తప్పు నాది.

ఆయన రెండుసార్లు చదివాడు. "ఇది మీరు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదండీ."

"తెలుసు బాబూ. రాత్రంతా అదే అనుకున్నాను."

ఒప్పందం ఏడాదికి బదులు ఆరు నెలలకే రాశాడు. పైవాళ్ళకి చూపించడానికి అంతకన్నా చెయ్యలేనన్నాడు. చీటీలమ్మ సంతకం పెడుతూ, "ఈ సగం నిజంగానే సగం," అంది. ఇద్దరూ కాస్త నవ్వుకున్నారు.

ఆ సాయంత్రం ఆవిడ బల్ల మీద ఎవరిదో లాప్‌టాపు పరీక్షలో ఉంది. పచ్చగీత చీమలా నడుస్తోంది. ఎండ గట్టు మీంచి ఇంకా పూర్తిగా దిగలేదు. ఆరు కొట్టింది. ఆరూ ఐదుకి వీధిలో వదిన కనిపించింది, సంచి భుజాన వేసుకుని, ఎందుకో అలవాటు లేని చోటికి వస్తున్న మనిషిలా అటూ ఇటూ చూస్తూ. కిటికీ గట్టు ఖాళీగా ఉంది.

చప్పుడు విని పిల్ల వెనక గదిలోంచి లెక్కల పుస్తకంతో వచ్చింది. గుమ్మంలో తల్లిని చూసి ఆగిపోయింది.

"ఇవాళ ఆఫీసు లేదా అమ్మా?"

"ఉంది నాన్నా. అయిపోయింది."

"అప్పుడేనా?"

పిల్ల గడియారం వైపు చూసింది, తల్లి వైపు చూసింది. తర్వాత ఏమనుకుందో, కిటికీ దగ్గరికి వెళ్ళి గట్టెక్కి కూర్చుంది. కాళ్ళు ఇప్పుడు పొడుగయ్యాయి, ముడుచుకుంటే మోకాళ్ళు గెడ్డానికి తగులుతున్నాయి. ముక్కు ఊచలకి ఆనించి, ఇంకా ఎవరో రావలసి ఉన్నట్టు వీధి చివరికంటా చూడసాగింది. వదిన చెప్పులు విడవడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడింది.

చీటీలమ్మ బల్ల దగ్గర్నుంచి లేచింది. పరీక్ష సగంలో ఉంది, అంకె ఇంకా తేలలేదు. దాన్ని అలాగే వదిలేసి వెళ్ళి, "కాస్త జరగవే కోడలా, మీ అమ్మ కూర్చుంటుంది," అంది.